తోడు తీసి ఉంచిన ఎలీషమ్మ

శామీర్‌పేట దారిలో ఉన్న మా విశ్వవిద్యాలయపు దస్త్రాలలో శ్రీమతి ఎలీషమ్మ పేరు మూడు చోట్ల మాత్రమే కనబడుతుంది. మొదటిది, ఆమెను గాజుసామాను శుభ్రపరిచే పనికి నియమించిన ఉత్తరం. రెండవది, ఆమె ఇచ్చుకున్న సంజాయిషీ. మూడవది, జీవశాస్త్ర విభాగపు నమోదు పుస్తకంలో ఒక పుట. చివరి రెండింటికీ శుద్ధప్రతి రాసే పని నా వంతుకు వచ్చింది గనుక, వాటి మధ్య జరిగినదానిని ఉన్నది ఉన్నట్లు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

సదరు ఎలీషమ్మ గౌడవెల్లి వాస్తవ్యురాలు. భర్త జక్కయ్య మేడ్చల్‌లోని ఒక కర్మాగారంలో కాపలా ఉద్యోగి. ఉదయం ఇద్దరూ ఒకే బండి మీద బయలుదేరుతారు. ఆమెను మా గేటు దగ్గర దింపి అతడు వెనుదిరుగుతాడు. ఆదివారం చర్చిలో ఆమె గొంతు వాయిద్యాలకంటె ముందే పాట అందుకుంటుందనీ, మిగిలిన సంఘమంతా పరుగున వెళ్లి ఆమెను కలుసుకోవలసి వస్తుందనీ జక్కయ్య స్వయంగా నాతో చెప్పాడు. ఆమె పక్కనే నిలబడి ఉండగా చెప్పాడు గనుక ఇది నిందావాక్యం కాదు.

ఆమె ఇరవై ఆరు సంవత్సరాలు భవనం వెనుక రేకుల గదిలో పనిచేసింది. విద్యార్థులు వాడిన గాజు ప్లేట్లను ఆవిరి యంత్రంలో ఉడకబెట్టి, కడిగి, ఆరబెట్టడం, సూక్ష్మజీవులకు ఆహారమైన అగర్ కాచి కొత్త ప్లేట్లలో పోయడం ఆమె విధులు. ఆవిరి యంత్రాన్ని ఆమె "పెద్ద కుక్కర్" అనేది, అగర్‌ను "గంజి" అనేది. ఆమె కాచిన గంజిలో ఉండ కట్టడం ఎవరూ ఎరుగరు. అయినా ఆ గదికి వచ్చినవారు "కడిగే ఆమె ఉందా?" అని అడిగేవారే గాని ఎలీషమ్మ ఉందా అని అడిగినవారు లేరు.

ఈ పరిస్థితి గత సంవత్సరం వెలువడిన ఒక ఉత్తర్వుతో మారింది. "కళాకారులును జీవశాస్త్రజ్ఞులును ఒకే ప్రయోగశాలయందు కలిసి పనిచేయుట గురించి" అన్నది దాని విషయం. శుద్ధప్రతి రాస్తుండగా ఇందులో ఏదో పొరపాటు దొర్లిందని తోచి, నేను చిత్తుప్రతిని పైఅధికారికి తిప్పి పంపాను. "పొరపాటు లేదు. ఉన్నట్లే రాయగలరు" అని ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. ఒక సంవత్సరం నడిపి చూసి, పరిశీలన సంఘం వారు మెచ్చితే కొనసాగించాలని, లేనిచో గదిని మూసివేయాలని అందులో ఉంది.

రెండవ అంతస్తులో ఒక పెద్ద గదిని ఇందుకు కేటాయించారు. ఒక వైపు జీవశాస్త్రజ్ఞుల నల్లరాతి బల్లలు. మరొక వైపు కళాకారుల చెక్కబల్లలు. మధ్య నేలమీద పసుపు రంగు గీత. బాధ్యురాలు డాక్టర్ కామేశ్వరి గారు. వారిది కాకినాడ ప్రాంతం. ముప్పై ఏళ్లుగా మట్టిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నారు. ఆహ్వానిత కళాకారుడు బాలనర్సయ్య. గాజులరామారంలో ఉంటాడు, బొమ్మలు చేసి, గుడ్డ మీద కథల పటాలు రాసే వంశంవాడు. గది తాళపుచెవి మాత్రం ఎలీషమ్మకు ఇచ్చారు. తాళం తీయవలసినప్పుడల్లా పేరు పెట్టి పిలవక తప్పదు గనుక, రోజుకు పదిసార్లు ఆ అంతస్తులో ఆమె పేరు వినబడసాగింది. పరిశీలన సంఘం వచ్చేనాటికి ఆమె పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు ఉంటాయి. ఆ పద్నాలుగు నెలలూ ఆ గదిలోనే గడవాలన్నది ఆమె కోరిక. గది మూసివేస్తే తాళపుచెవి అప్పగించి రేకుల గదికి తిరిగి పోవలసిందే.

మొదటి నెలలో పసుపు గీతకు ఇరువైపులా శాంతి లేదని చెప్పక తప్పదు. బాలనర్సయ్య చింతగింజల జిగురు ఒక గిన్నెలో కలిపి, పేరు రాయకుండా, సూక్ష్మజీవులను పెంచే వెచ్చటి పెట్టెలో పెట్టాడు. ఎలీషమ్మ చూసి, పెద్దమనిషి వస్తువు గదా అని ఊరుకుంది. నాలుగు రోజులలో దానికి పట్టిన బూజు పెట్టె అంతటా పాకి, పరిశోధక విద్యార్థుల ప్లేట్లన్నీ చెడిపోయాయి.

"ఏమిటండీ ఈ అన్యాయం?" అని కామేశ్వరి గారు గిన్నెను పటకారుతో ఎత్తి చూపించారు.

బాలనర్సయ్య వంగి తేరిపార చూశాడు. "అమ్మా, జర ఆగుండ్రి. పారెయ్యకుండ్రి. గీ అంచుకు జూసిన్రా, పచ్చల నీలం! నలపై ఏండ్ల సంది గీ రంగు కోసం తండ్లాడుతున్న."

"అది రంగు కాదు, జబ్బు!"

"జబ్బయితేంది, మస్తుగున్నది."

కామేశ్వరి గారు కోపంతోనే చూశారు. తరువాత కళ్లజోడు తీసి తుడుచుకొని మళ్లీ చూశారు. కోపం తగ్గలేదు గాని, గిన్నెను పారవేయలేదు. ఆ రోజునుండి వారిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది. పసుపు గీత మీద జనం నడిచి నడిచి మూడవ నెలకు అది చెరిగిపోయింది.

అయితే ఆ బూజు వ్యవహారంలో చీవాట్లు తిన్నది ఎలీషమ్మ. "పేరు లేనిదాన్ని ఎందుకుండనిచ్చావు?" అని కామేశ్వరి గారు గట్టిగా అడిగారు. తదుపరి తలుపుమీద అంటించిన నిబంధనల కాగితం నా చేతిరాతలోనే ఉంది. రెండవ నిబంధన: "పేరును, తేదీయును లేని ప్లేటు శనివారము మధ్యాహ్నము తరువాత ఈ గదిలో ఉండరాదు, ఉడకబెట్టవలెను." మూడవ నిబంధన: "నమోదు పుస్తకములో లేని ఏ జీవమునైనను సొంతముగా నిలువ ఉంచినవారిని ప్రయోగశాల పని నుండి తొలగించవలెను." ఎలీషమ్మ కోరగా వాటిని రెండుసార్లు చదివి వినిపించాను. రెండవదానికి తల ఊపింది. మూడవదానికి తల ఊపలేదు. అప్పుడు నేను గమనించలేదు. తరువాత గుర్తు వచ్చింది.

ఇక బాలనర్సయ్య పూనుకున్న పని ఇది. శామీర్‌పేట చెరువు ఒడ్డు బురదనుండి, దేవరయాంజాల్ గుడి వెనుక రాతిగోడ పొరనుండి, బాలనర్సయ్య సొంత రంగుల గిన్నెల అడుగునుండి కామేశ్వరి గారు హాని చేయని సూక్ష్మజీవులను వేరుచేసి ఇచ్చారు. నాలుగు నెలల ప్రయాసతో ఆరు రంగులు కుదిరాయి: లక్క ఎరుపు, గుమ్మడిపువ్వు పసుపు, కాషాయం, గులాబి, పాలతెలుపు, ఊదా. వాటిని సన్నని తీగతో అగర్ మీద పూసి తొమ్మిది ప్లేట్లలో తొమ్మిది కొంగలను గీయాలి. గీసిన రోజున ఏమీ కనబడదు. మూడవ నాటికి జీవులు పెరిగి రంగు పైకి వస్తుంది. పరిశీలన సంఘానికి చూపవలసినది అదే. గది నిలవడం, మూతపడడం ఆ తొమ్మిది కొంగల మీద ఆధారపడి ఉంది.

సంఘం రావలసిన శుక్రవారానికి వారం ముందు, అంటే అంతకు ముందరి శుక్రవారం సాయంత్రం, బాలనర్సయ్య తొమ్మిది కొంగలూ గీసి, ఆరు రంగుల ప్లేట్లతో సహా ఒకే పళ్లెంలో సర్ది పెట్టెలో పెట్టాడు. పేరు మాత్రం రాయలేదు. అది మరపు కాదు. ఆ వంశంలో బొమ్మకు చిట్టచివర కళ్లు దిద్దుతారు. కళ్లు తెరవనంతవరకు ఆ బొమ్మకు పేరు పెట్టరు, చేసినవాడి పేరూ వేయరు.

శనివారం మధ్యాహ్నం ఎలీషమ్మ పళ్లెం తీసింది. ప్లేట్లను ఒక్కొక్కటే తిప్పి అడుగున చూసింది. జీవశాస్త్రజ్ఞులు పేర్లు అడుగునే రాస్తారు. పదిహేనింటి మీదా ఏమీ లేదు. తొమ్మిది ఖాళీగా కనబడ్డాయి, ఆరింటిలో రంగులున్నాయి. విద్యార్థుల రంగుల ప్లేట్లు కూడా ఆ పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. బాలనర్సయ్యకు ఫోను చేసింది, ఆయన ఎత్తలేదు. బూజునాటి చీవాట్లు ఆమె చెవిలో ఇంకా మోగుతూనే ఉన్నాయి. పదిహేను ప్లేట్లనూ పెద్ద కుక్కర్‌లో వేసింది.

సోమవారం ఉదయం జరిగిన సంభాషణకు నేను సాక్షిని. సంఘం వారి రాక గురించిన ఉత్తరం అందజేయడానికి వెళ్లి ఉన్నాను.

"చెల్లె, నా కొంగలేవి?" అని బాలనర్సయ్య ఖాళీ పెట్టెలో తల దూర్చి అడిగాడు.

"ఏం కొంగలన్నా?"

"గా పళ్లెంల పెట్టిన తొమ్మిది ప్లేట్లు."

ఎలీషమ్మ చేతిలోని గుడ్డ బల్లమీద పెట్టింది. "పేరు లేకుండె అన్నా. ఉడకబెట్టిన."

"ఉడకబెట్టినవా!"

"పేరెందుకు రాయలే నువ్వు? పెన్ను లేదా? చేతులు లేవా?"

"కండ్లు లేని పిట్టకు పేరు రాస్తరా ఎవలన్న? మా తాత జూస్తే నా చేతులిరగ్గొడ్తుండె!"

"ఇప్పుడేమో నా కాళ్లిరుగుతున్నయి," అని ఆమె నేలమీద కూలబడింది.

కామేశ్వరి గారు వచ్చి, విని, ఖాళీ పెట్టెలోకి ఒకసారి చూశారు. "రంగుల ప్లేట్లు కూడానా?" అని మాత్రం అడిగారు. కొంగలను మళ్లీ గీయవచ్చు. కాని గీయడానికి రంగులు ఉండాలి. ఆ ఆరు జీవులనూ విడిగా నిలువ చేయడం ఈ వారానికి వాయిదా వేశామని వారే ఒప్పుకున్నారు. మళ్లీ చెరువు బురదనుండి మొదలు పెడితే నాలుగు నెలలు. ఉన్నది నాలుగు రోజులు.

"నీ తప్పేమీ లేదు ఎలీషమ్మా," అని వారు న్యాయంగానే అన్నారు. "నువ్వు నిబంధన ప్రకారమే చేశావు. సంఘానికి నేను చెప్పుకుంటాను."

ఆ మాటతో ఎలీషమ్మ మీద ఏ నేరమూ లేదని తేలిపోయింది. ఇంటికి పోయి హాయిగా ఉండవచ్చు. అయినా మధ్యాహ్న భోజన సమయంలో ఆమె నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. వెనుక జక్కయ్య ఉన్నాడు. ఫోను చేసి డ్యూటీ మధ్యలో పిలిపించుకుందట.

"సారూ, ఒక కాయితం రాసియ్యాలె. తప్పు ఒప్పుకునే కాయితం."

"తప్పు లేదని వారే చెప్పారు గదమ్మా."

"అది కాదు సారూ. ఇంకోటి. పెద్దది."

నేను కలం మూత తీశాను. ఆమె చెప్పినది విని మళ్లీ మూత పెట్టాను.

ఇరవై రెండేళ్లుగా, ఉడకబెట్టవలసిన ప్లేట్లలో ఏదైనా మంచి రంగు కంటబడితే, దానిలో చిటికెడు తీగతో తీసి, చిన్న మందుసీసాలో గంజి పోసి అందులో ఉంచేదట. స్పిరిటు దీపం మంటలో తీగను ఎర్రగా కాల్చి చల్లార్చడం విద్యార్థులను చూసి నేర్చుకుంది. రెండు నెలలకొకసారి కొత్త గంజిలోకి మార్చేది. రేకుల గదిలోని పాత ఫ్రిజ్‌లో, అట్టడుగున, బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు ముప్పై ఒక్క సీసాలు ఉన్నాయి. శనివారం నాటి ఆరు రంగులూ వాటిలో చేరాయి.

"ఎందుకమ్మా ఇది చేశావు?"

"తోడు తియ్యకుంట కుండ ఎట్ల కడుగుతరు సారూ?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. "మా అవ్వ పెరుగు కుండ తోమేటప్పుడు జరంత తోడు పక్కకు పెట్టేది. ఇంట్ల ఎవలు సచ్చిన దినమైనా పెట్టేది. తోడు లేకుంట కుండ కడిగితే నాకు చెయ్యాడదు. అంతే సారూ, అంతకన్న ఏం లేదు."

"మూడవ నిబంధన తెలుసు గదా?"

"తెలుసు. నువ్వే సదివినవు, రెండు మాట్ల."

జక్కయ్య వైపు చూశాను. ఆమెకు నచ్చజెప్పడానికి వచ్చాడేమో అనుకున్నాను.

"నేను జెప్పిన సారూ," అన్నాడు అతడు. "నోరు మూసుకుంటే గది పోతది. నోరు తెరిస్తే పని పోతది. పద్నాలుగు నెల్లకు పని ఎట్లైనా పోతది. తోడు ఉంచుకోని తోడు లేదన్నోల్లను మన ఊర్ల ఏమంటరే అని అడిగిన."

"ఏమంటారు?"

"మీ బల్లకాడ అనే మాట గాదు సారూ," అన్నది ఎలీషమ్మ.

నేను కాగితం తీసుకున్నాను. "అయ్యా/అమ్మా, నేను అనగా ఎలీషమ్మ, భర్త జక్కయ్య, తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా..." అని మొదలుపెట్టి చదివాను.

"నేను గట్ల మాట్లాడనే మాట్లాడ."

"సంజాయిషీ ఇలాగే ఉంటుందమ్మా."

"ఉండనియ్యి. గని 'క్షమించగలరు' అని రాయకు. రంగులు బతికున్నయని రాయి. జల్దీ కావాల్నని రాయి. మాఫ్ జేసుడు తర్వాత సంగతి."

అందువల్ల విశ్వవిద్యాలయ చరిత్రలో క్షమాపణ లేని సంజాయిషీ అదొక్కటే. చివరి వాక్యం ఆమె చెప్పినదే: "రంగులు జీవించియున్నవి, ఈ సాయంత్రమే కొత్త గంజిలో పోసినచో శుక్రవారమునకు అందును."

కామేశ్వరి గారు ఉత్తరం నిలబడి చదివారు. చదవడం ముగించి, రేకుల గదికి నడిచారు. మేమందరం వెనుక నడిచాము. ఎలీషమ్మ డబ్బా తీసి బల్లమీద మూత తెరిచింది. ముప్పై ఒక్క మందుసీసాలు, ప్రతి సీసా మెడకు లోపలి రంగుకు సరిపోయే కుట్టుదారం, దారానికి ముడులు.

"ఈ ముడులేమిటి?"

"ఎన్నోసారి గంజి మార్చిన్నో లెక్కమ్మా. రాయనీకి రాదు గద."

కామేశ్వరి గారి ముఖం ఎర్రబడింది. "ఇది ఎంత ప్రమాదమో తెలుసా? ఇందులో ఏముందో నీకు తెలుసా? రోగకారకమైనది ఒక్కటి ఉన్నా..."

"ఎర్రమూత డబ్బాలవి ముట్టలేదమ్మా. రోగాలయి ఎర్రమూతలల్ల పెడ్తరు గద. ఒట్టు."

వారు ఇంకా మాట్లాడబోయి ఆగారు. డబ్బా మూలనుండి నారింజ దారం కట్టిన సీసా ఒకటి పైకి తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. ఆ దారానికి ముడులు ఒకదానిమీద ఒకటి పడి చిన్న ఉండలా అయ్యాయి.

"ఇది ఎప్పటిది?"

"గా వానల్ల మూడు దినాలు కరెంటు పోయి, మీ పెద్ద ఫ్రిజ్ ఖరాబైన ఏడాది గద. దానికి ముందుదే. మీదే అమ్మా. చెరువు మట్టిది."

ఎనిమిది సంవత్సరాల క్రితం ఆ వానలలో కామేశ్వరి గారి సేకరణ అంతా నశించింది. ఒక నారింజరంగు జీవి కోసం వారు తరువాత మూడు వేసవులు చెరువు చుట్టూ తిరిగారు, మళ్లీ దొరకలేదు. ఆ ప్రయాణాలకు సెలవు పత్రాలు నేనే శుద్ధప్రతి రాశాను.

"ఎనిమిదేళ్లు నా కళ్లముందే తిరుగుతూ ఒక్క మాట చెప్పలేదా నువ్వు!"

"మీరు అడగలే గదమ్మా. జెప్తే పని పోతదని నేను జెప్పలే."

కామేశ్వరి గారు నవ్వును ఆపుకోవడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. బాలనర్సయ్య అప్పటికే తన ఆరు సీసాలను దారాల రంగును బట్టి ఏరుకొని గుండెకు హత్తుకొని ఉన్నాడు. "మేడమ్మా, తిట్టుడు శుక్రవారం తర్వాత పెట్టుకుందాం. చెల్లె, గంజి కాయి!"

ఆ సాయంత్రం ఎలీషమ్మ గంజి కాచింది. మంగళవారం బాలనర్సయ్య భోజనం మాని తొమ్మిది కొంగలనూ తిరిగి గీశాడు. కామేశ్వరి గారు పెట్టె వేడిమిని గంటకొకసారి చూశారు. పళ్లెం మీద పేరు రాయమని వారు కోరగా బాలనర్సయ్య ససేమిరా అన్నాడు. చివరకు ఎలీషమ్మ ప్రతి ప్లేటు చుట్టూ ఎర్రదారం చుట్టి ముడివేసింది. "గిప్పుడు ఇది పేరు లేనిది గాదు, నాది," అన్నది. అందుకు ఎవరికీ ఆక్షేపణ లేకపోయింది.

శుక్రవారం పదకొండు గంటలకు సంఘం వారు ముగ్గురు వచ్చారు. పెట్టె తెరిచేసరికి తొమ్మిది కొంగలూ రంగులతో తేలి ఉన్నాయి. ఎర్రటి కాళ్లు, తెల్లటి ఒళ్లు, కాషాయపు ముక్కులు. కళ్లు మాత్రం లేవు. బాలనర్సయ్య దీపం మంటలో తీగను కాల్చి చల్లార్చి, ఊదారంగు ముద్దను తీసి, ఒక్కొక్క కొంగకు కన్ను పెట్టుకుంటూ పోయాడు. ఎనిమిదవదానికి పెట్టాక ఆగి తీగను ఎలీషమ్మ చేతికి ఇచ్చాడు.

"నాకెందుకన్నా? చెయ్యి వణుకుతది."

"ఉడకబెట్టేటప్పుడు వణకలే గద. పెట్టు."

ఆమె కన్ను పెట్టింది. మిగిలిన ఎనిమిది కొంగలూ ఎదురుగా చూస్తుంటే ఆ తొమ్మిదవది కొంచెం పైకి, పెట్టె తలుపు వైపు చూస్తున్నట్లు వచ్చింది. సంఘాధ్యక్షులు దానినే ఎక్కువసేపు చూశారు. తరువాత దారాల సీసాలను చూపించమని అడిగారు. కామేశ్వరి గారు దాచకుండా, సంజాయిషీతో సహా చూపించారు. అధ్యక్షులు ఉత్తరం చదివి, "ఇందులో క్షమాపణ ఎక్కడ ఉంది?" అని అడిగారు. నేను నేలవైపు చూశాను.

గదిని మరి మూడు సంవత్సరాలు కొనసాగించవలసిందిగా సంఘం సిఫారసు చేసింది. మూడవ నిబంధన అమలు విషయమై, సదరు సీసాలన్నింటినీ పరీక్షించి నమోదు పుస్తకంలో చేర్చినచో అవి నమోదు లేనివి కాబోవు గనుక, చర్య అవసరం లేదని తీర్మానించారు. పరీక్షలో రెండు సీసాలలోని జీవులు చనిపోయాయని తేలింది. ఇరవై తొమ్మిది బతికి ఉన్నాయి. నమోదు పుస్తకంలో ఆ ఇరవై తొమ్మిది వరుసలు నేనే రాశాను. "సేకరించినవారు" అన్న గడిలో ఎలీషమ్మ అని ఇరవై తొమ్మిది సార్లు రాశాను. "పైదే" అని గుర్తు పెట్టవచ్చని గుమాస్తా ఒకరు సలహా ఇచ్చారు. నేను పాటించలేదు.

పదిహేను రోజుల తరువాత సవరించిన నిబంధనల కాగితాన్ని తలుపుకు అంటిస్తుండగా ఎలీషమ్మ తాళపుచెవితో వచ్చింది. రెండవ నిబంధన ఇప్పుడు ఇలా ఉంది: "పేరును, తేదీయును లేని ప్లేటును ఉడకబెట్టుటకు ముందు అందులోనుండి తోడు తీసి, నమోదు చేసి, భద్రపరచవలెను." ఆ మాటకు బదులు శాస్త్రీయ పదం వాడాలని పైఅధికారి సూచించారు, కామేశ్వరి గారు "ఉన్నట్లే రాయగలరు" అని ఎర్ర సిరాతో తిప్పి పంపారు.

ఎలీషమ్మ కాగితం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, "తో... డు" అని చదివింది. తృప్తిగా తల ఊపింది. వేలు కిందికి జరుపుతూ కాగితం చివరిదాకా వెళ్లి, అక్కడ ఆగి, మళ్లీ పైనుండి కిందికి వెతికింది.

"సారూ, గీ కాయితం మీద పేరేది? తారీఖేది?"

తొందరలో నేను సంతకమూ తేదీయూ వేయించడం మరచిన మాట వాస్తవం.

"ఇయ్యాల శనివారం," అని ఆమె గోడ గడియారం వైపు చూసింది. "పన్నెండున్నర అయితున్నది. జల్దీ రాపిచ్చుకోని రా సారూ. లేకుంటే కుక్కర్ల ఏస్త."

నేను కాగితం ఊడదీసుకొని, మెట్లు రెండేసి చొప్పున దిగాను.